నలభై నిమిషాల ఆలస్యం

గార్డెన్ రీచ్ అన్న పేరులో తోట కంటె నదికే ప్రాధాన్యం ఎక్కువ. నావికుల పరిభాషలో రీచ్ అనగా రెండు వంపుల నడుమ నది తిన్నగా సాగే భాగం. అటువంటి ఒక భాగపు గట్టుననే మన యార్డు, డాకులు, రైల్వే ప్రధాన కార్యాలయం వెలసి ఉన్నాయి. ఇక్కడ పనిచేసేవారికి హుగ్లీ స్వభావాన్ని వేరుగా వివరించనక్కరలేదు. సముద్రం నుండి పోటు వచ్చినప్పుడు ఈ నది వచ్చిన దారినే వెనుకకు మళ్ళుతుంది. ఆటు వేళకు మరల సముద్రాభిముఖంగా సాగుతుంది. ఓడకు జలప్రవేశం చేయించాలన్నా, డాకు ద్వారం తెరిచి ఓడను లోనికి తీసుకోవాలన్నా మనం ముందుగా చూచేది ఆటుపోటుల పట్టికనే. అందులో ముద్రించిన వేళ ఎవరి హోదాకూ తలవంచదు, ఎవరి సంజాయిషీనీ స్వీకరించదు.

ఈ నీటిలోనే ఈత నేర్చి, ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదిన తొలి ఆసియా మహిళగా చరిత్రకెక్కిన ఆరతి సాహా జీవితాన్ని ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము. ఆమె విజయగాథ చాలమందికి తెలిసినదే. ఆ విజయానికి సరిగ్గా ముప్పది మూడు రోజుల ముందు జరిగిన పరాజయం గురించి, ఆ పరాజయానికి కారణమైన నలభై నిమిషాల గురించి మాత్రం తెలిసినవారు తక్కువ. మనవంటి ఉద్యోగులు ఆలోచించవలసినది ఆ నలభై నిమిషాల గురించే.

ఆరతి మనకు మరొక విధంగా కూడ సన్నిహితురాలు. ఆమె ఉద్యోగం చేసినది బి.ఎన్.ఆర్.లో, అనగా బెంగాల్ నాగపూర్ రైల్వేలో. 1955లో ఆగ్నేయ రైల్వేగా రూపుదిద్దుకున్న తరువాత కూడ జనం నోట ఆ సంస్థకు పాత పేరే నిలిచిపోయింది. దాని ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనిదే. వాల్తేరు డివిజను 2003 వరకు ఈ రైల్వేలోనే ఉండేది కనుక, ఉత్తరాంధ్రలోని ఎన్నో రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ అంటే ఒక పేట పేరు కాదు, బదిలీ ఉత్తర్వులు, ప్రమోషన్ కాగితాలు బయలుదేరే చోటు. ఆ లెక్కన ఆరతి సాహా తెలుగు రైల్వే ఉద్యోగులకు ఒకే గొడుగు క్రింది సహోద్యోగిని.

ఘాట్ మెట్ల మీద తొలి పాఠం

ఆరతి 1940 సెప్టెంబరు 24న కలకత్తాలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించింది. రెండున్నర ఏళ్ళ పసితనంలోనే తల్లిని కోల్పోయింది. అన్న, చెల్లెలు భారతి మేనమామ ఇంట పెరుగగా, ఆరతిని ఉత్తర కలకత్తాలో నాయనమ్మ పెంచింది. నాలుగేళ్ళ వయస్సులో పెద్దవారి వెంట చాంపాతలా ఘాట్‌కు స్నానానికి వెళ్ళడం ఆ బాలిక నిత్యకృత్యం. ఈత అక్కడే పట్టుబడింది. బిడ్డ ఆసక్తిని గమనించిన తండ్రి పాంచుగోపాల్ సాహా ఆమెను హట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేర్పించాడు.

క్లబ్బులో ఆమెకు లభించిన తొలి గురువు సచిన్ నాగ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో నూరు మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతలో స్వర్ణపతకం సాధించిన మేటి ఈతగాడాయన. 1946లో, అయిదేళ్ళ వయస్సులో, శైలేంద్ర స్మారక పోటీలలో 110 గజాల ఈతలో ఆరతి ప్రథమస్థానం పొందింది. 1945, 1951 సంవత్సరాల నడుమ రాష్ట్రస్థాయిలో 22 పోటీలు గెలిచింది. 1951లో నూరు మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను 1 నిమిషం 37.6 సెకన్లలో ఈది, డాలీ నజీర్ పేరిట ఉన్న అఖిల భారత రికార్డును అధిగమించింది.

మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత బృందంలో మహిళలు నలుగురు. ఈతలో డాలీ నజీర్, ఆరతి సాహా. పరుగులో నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. బృందమంతటిలోను చిన్నది ఆరతియే. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు నిండలేదు. రెండు వందల మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ హీట్స్‌లో 3 నిమిషాల 40.8 సెకన్ల కాలం తీసుకొని, అంతటితో వెనుదిరిగింది. స్వదేశానికి వచ్చిన తరువాత నూరు మీటర్ల ఫ్రీస్టయిల్‌లో తన చెల్లెలు భారతి చేతిలోనే ఓడిపోయింది. ఆ ఓటమితో ఈత మానలేదు. తనకు పట్టున్న బ్రెస్ట్‌స్ట్రోక్ మీదనే దృష్టి నిలిపింది. ఓటమి నుండి పాఠం తీసుకొని పని కొనసాగించడం ఆమెకు అప్పటికే అలవాటైన విద్య అని దీనివలన గ్రహించవచ్చు.

ఛానెల్ అంటే ఏమిటి?

ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు నడుమ గల ఇంగ్లీషు ఛానెల్ అత్యంత ఇరుకైన చోట ఇరవై ఒక్క మైళ్ళ వెడల్పు ఉంటుంది. అంత దూరం ఈదగలవారు లోకంలో కొల్లలు. కష్టం దూరంలో లేదు, చలిలోను, ప్రవాహంలోను ఉన్నది. వేసవిలో సైతం అక్కడి నీరు ఒళ్ళు కొంకర్లు పోయేటంత చల్లగా ఉంటుంది. ఇక ప్రవాహం సుమారు ఆరు గంటలకొకసారి దిశ మార్చుకుంటుంది. ఒక వేళ ఈశాన్యానికి, మరొక వేళ నైరుతికి లాగుతుంది. ఈతగాడు తిన్నగా ఎదుటి ఒడ్డును చూచి ఈదినా, నీరు అతనిని ప్రక్కకు తీసుకొనిపోతూనే ఉంటుంది. అందువలన నిజానికి ఈదే దారి సరళరేఖ కాదు, పాము మెలికల వంటి గీత. ఇరవై ఒక్క మైళ్ళ జలసంధి కొందరికి ముప్పై, కొందరికి నలభై మైళ్ళు అయ్యేది ఇందువలననే.

నియమాలు కూడ కఠినమైనవే. ఈదేవారి ప్రక్కన మార్గదర్శి పడవ ఒకటి వెంట నడుస్తుంది. దిక్కు చూపడం, ఆహారం అందించడం, ప్రమాదం వస్తే రక్షించడం దాని పని. ఈదేవారు మాత్రం ఆ పడవను చేతితో తాకరాదు. తాకితే ప్రయత్నం రద్దయినట్లే. పడవను పట్టుకొనే అవకాశం లేదు, పడవ లేనిదే బయలుదేరే అవకాశమూ లేదు.

1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఈ జలసంధిని తొలిసారిగా ఈదగా, 1926లో గెర్ట్రూడ్ ఎడర్లీ అనే అమెరికన్ యువతి మహిళలలో ప్రథమురాలయింది. ఆసియా ఖండం నుండి ఆ ఘనత మొదట దక్కినది ఢాకాకు చెందిన బ్రొజేన్ దాస్‌కు, 1958 ఆగస్టులో. మరుసటి నెలలోనే, సెప్టెంబరు 27న, మిహిర్ సేన్ 14 గంటల 45 నిమిషాలలో ఛానెల్ దాటి భారతీయులలో ప్రథములైనారు.

బ్రొజేన్ దాస్ పాల్గొన్న పోటీని బట్లిన్ అంతర్జాతీయ పోటీ అంటారు. ఆ ఏడు అందులో విజేత డెన్మార్కులో పుట్టిన గ్రెటా ఆండర్సన్. స్త్రీ పురుషులందరినీ వెనుకవేసి ఒక మహిళ ఒడ్డు చేరిన ఆ ఘట్టం ఆరతిని ఎంతో ఉత్తేజపరచింది. ఆమె పంపిన అభినందన అందుకొన్న బ్రొజేన్ దాస్, మరుసటి ఏటి పోటీకి ఆమె పేరునే నిర్వాహకులకు సూచించారు.

పదకొండు వేల రూపాయలు

పేరు సూచించడం తేలిక, ప్రయాణపు ఖర్చు మాట ఏమి? హట్‌ఖోలా క్లబ్బు కార్యకర్త డాక్టర్ అరుణ్ గుప్తా ఈ భారాన్ని నెత్తికెత్తుకున్నారు. ఆరతి చేత ఈత ప్రదర్శనలు ఇప్పించి నిధులు పోగుచేశారు. అయినా చాలినంత సమకూడలేదు. శ్రేయోభిలాషులు కొందరు సంగతిని ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ దృష్టికి తీసుకొనిపోగా, ఆయన పదకొండు వేల రూపాయలు ఏర్పాటు చేశారు. ప్రధానమంత్రి నెహ్రూ కూడ ఈ ప్రయత్నంపై ఆసక్తి చూపారు.

సాధన మరొక వంక సాగింది. 1959 ఏప్రిల్ 13న దేశబంధు పార్కు చెరువులో, ప్రముఖుల సమక్షంలో, ఆరతి ఎనిమిది గంటలసేపు ఎడతెగకుండా ఈదింది. ఆ తరువాత పదహారు గంటలు ఈదింది. చివరి డెబ్బది మీటర్లను వేగంగా పూర్తిచేసినా అలసట జాడ కనిపించలేదు. జూలై 24న డాక్టర్ గుప్తా తోడుగా ఇంగ్లండుకు బయలుదేరి, ఆగస్టు 13 నుండి ఛానెల్ నీటిలోనే తుది సాధన మొదలుపెట్టింది.

పడవ రాలేదు

ఆగస్టు 27. ఫ్రాన్సు తీరంలోని కేప్ గ్రీ నే నుండి ఇంగ్లండులోని శాండ్‌గేట్ వరకు పోటీ. 23 దేశాల నుండి 58 మంది బరిలో నిలిచారు. వారిలో మహిళలు అయిదుగురు. స్థానిక కాలమానం ప్రకారం రాత్రి ఒంటిగంటకు ప్రారంభం. వేళను ప్రవాహపు లెక్కలు చూచి నిర్ణయించినారు.

ఒంటిగంట అయినది. ఆరతి సిద్ధంగా ఉన్నది. ఆమెకు కేటాయించిన మార్గదర్శి పడవ మాత్రం రాలేదు.

పడవ వచ్చేసరికి నలభై నిమిషాలు గడచిపోయినవి. తోటివారికి దొరికిన అనుకూల ప్రవాహం ఆమెకు చేజారింది. అయినా నీటిలో దిగింది. చీకటిలో, చలిలో రాత్రంతా ఈది, ఉదయం పదకొండు గంటలకు ఇంగ్లండు తీరానికి అయిదు మైళ్ళ దూరంలోకి వచ్చింది. అప్పుడు ప్రవాహం ఎదురు తిరిగింది. సాయంత్రం నాలుగు గంటల వరకు, అనగా అయిదు గంటలసేపు శ్రమించినా ముందుకు సాగినది సుమారు రెండు మైళ్ళు మాత్రమే. తీరం ఇంకా మూడు మైళ్ళున్నదనగా ఆమె విరమించుకోవలసి వచ్చింది.

ఇందులో ఆరతి చేసిన లోపం ఏమున్నది? సాధనలో లోటు లేదు. ధైర్యంలో లోటు లేదు. నిధులు సేకరించినవారు, సిఫారసు చేసినవారు, డబ్బు మంజూరు చేసినవారు అందరూ తమ తమ పని చక్కగా చేశారు. ఇన్ని నెలల శ్రమ, ఇందరి సహకారం ఒకవైపు. ఒక పడవ వేళకు రాకపోవడం ఒకవైపు. త్రాసు రెండవ వైపే మొగ్గింది. నలభై నిమిషాల ఆలస్యానికి అవతలి ఒడ్డున అయిదు గంటల వృథాశ్రమ మూల్యమయింది. నీటి లెక్క ఇటువంటిది. ఇక్కడ పోగొట్టుకున్న నిమిషం అక్కడ నిమిషంగా తిరిగిరాదు, గంటలై వస్తుంది.

పందొమ్మిదేళ్ళు నిండిన అయిదవ నాడు

తిరిగి ఇంటికి వచ్చివేసినా ఆమెను తప్పుపట్టేవారు లేరు. కాని ఆమె అక్కడే నిలిచి రెండవ ప్రయత్నానికి సిద్ధపడింది. ఆ రోజులలో డాక్టర్ గుప్తా జబ్బుపడడంతో పరిస్థితి మరింత క్లిష్టమయింది. ఆరతి సాధన మాత్రం ఆపలేదు.

1959 సెప్టెంబరు 29న కేప్ గ్రీ నే వద్ద మరల నీటిలోకి దిగింది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు నిండి అయిదు రోజులయినది. పదహారు గంటల ఇరవై నిమిషాలు అలలతో పోరాడి శాండ్‌గేట్ ఒడ్డుకు చేరుకుంది. మెలికలన్నీ కలిపి ఆమె ఈదిన దూరం 42 మైళ్ళని ఆనాటి లెక్క. ఒడ్డున భారత పతాకాన్ని ఎగురవేసింది. మొదట అభినందించినవారు లండనులోని మన హైకమిషనరు శ్రీమతి విజయలక్ష్మీ పండిత్. మరునాడు ఆకాశవాణి ద్వారా వార్త దేశమంతటా వినవచ్చింది. 1960లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ క్రీడాకారిణి ఆమెయే.

అనంతర కాలంలో డాక్టర్ అరుణ్ గుప్తాను వివాహమాడి ఆరతి గుప్తా అయినారు. 1994 ఆగస్టు 23న, యాభై నాలుగేళ్ళు నిండకుండానే, కామెర్ల వ్యాధితో కలకత్తాలో కన్నుమూశారు. 1999లో తపాలాశాఖ ఆమె స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.

మరొక సముద్రం, మరొక ఈతగాడు

ఈ సందర్భాన పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులకు చెందిన డ్యూక్ కహనమోకు జ్ఞప్తికి వస్తాడు. 1890లో జన్మించిన ఈయన కూడ ఈతకొలనులో గాక సముద్రంలో ఈత నేర్చినవాడే. పలకపై నిలబడి అలల మీద సాగే సర్ఫింగ్ అనే ప్రాచీన హవాయి విద్యను లోకమంతటికీ పరిచయం చేసినవాడు. 1912, 1920 ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల ఈతలో విజేత. 1925లో కాలిఫోర్నియా తీరంలో ఒక పడవ బోల్తాపడగా, తన సర్ఫింగ్ పలకపైననే ఎనిమిదిమందిని ఒడ్డుకు చేర్చి ప్రాణాలు కాపాడాడు.

ఆయన జీవితంలోను ప్రవాహం ఒక విచిత్ర పాత్ర వహించింది. 1911 ఆగస్టులో హొనొలులూ రేవు నీటిలో జరిగిన పోటీలో నూరు గజాల ఈతను 55.4 సెకన్లలో ముగించాడు. అది అప్పటి రికార్డు కంటె నాలుగున్నర సెకన్లకు పైగా తక్కువ. అమెరికా క్రీడా సంఘంవారు ఈ సంగతిని నమ్మలేదు. రేవులోని ప్రవాహం సహాయపడి ఉంటుందన్నారు, గడియారాలను శంకించారు. రికార్డును గుర్తించలేదు. డ్యూక్ వాదోపవాదాలకు దిగలేదు. మరుసటి ఏడు స్టాక్‌హోంలో, ప్రపంచం చూస్తుండగా, స్వర్ణపతకంతో సమాధానం చెప్పాడు.

ఒకరికి ప్రవాహం తోడ్పడినదని శంకించి కీర్తిని నిరాకరించినారు. మరొకరికి ప్రవాహం ఎదురై కీర్తి తప్పిపోయింది. ఇద్దరూ చేసినది ఒకటే. మరల నీటిలో దిగారు.

మన తెలుగు గడ్డ మీద కూడ ఈ పరంపర కొనసాగుతున్నది. సామర్లకోటలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన శ్రీమతి గోలి శ్యామల నడివయస్సులో ఈత నేర్చుకొని, 2021 మార్చిలో శ్రీలంకకు, తమిళనాడుకు నడుమ గల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో దాటారు. వయస్సు మించిపోయినదని అనుకొనేవారికి ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

పడవ నడిపేవారము మనమే

ఆరతి సాహా కథను పట్టుదలకు ఉదాహరణగా పిల్లలకు చెబుతాము. అది సమంజసమే. అయితే పెద్దలమైన మనకు, ముఖ్యంగా ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు, అందులో మరొక పాఠం ఉన్నది. మనలో ఆరతి వంటి ఈతగాళ్ళు కొందరే. ఎక్కువమందిమి పడవ నడిపేవారము. మన పని ప్రక్కన ఉండి దారి చూపడం, అందించవలసినది అందించడం, అన్నిటికంటె ముందు వేళకు రావడం. స్టోర్స్ నుండి విడిభాగం తెచ్చే వ్యక్తికి అది దినచర్యలో ఒక పని మాత్రమే. దాని కోసం వేచి ఉన్న వెల్డరుకు అది ఆ పూట అంతా. పింఛను కాగితం మీద సంతకం చేసేవారికి అది కట్టలోని ఒక ఫైలు. ఆ కాగితం కోసం ఎదురుచూచే వితంతువుకు అది ఆ నెల బియ్యం.

వేళకు వచ్చిన పడవ ఊరు, పేరు ఏ చరిత్రలోను ఉండదు. సెప్టెంబరు 29న ఆరతి వెంట నడచిన పడవ గురించి మనమెవరమూ చెప్పుకోము. పతాకం ఎగురవేసిన చేయినే తలచుకుంటాము. పని సవ్యంగా జరిగినప్పుడు తోడు నిలిచినవారు కనబడకపోవడం న్యాయమే. వారు కనబడేది ఆలస్యమైననాడే, ఆగస్టు 27న కనబడినట్లుగా.

హుగ్లీ నేడు కూడ రోజుకు రెండు మారులు పోటెత్తుతున్నది, రెండు మారులు తీస్తున్నది. చాంపాతలా ఘాట్‌ను తాకిన నీరే మన యార్డు గోడనూ తాకి సముద్రంలోకి పోతున్నది. ఆ నీటిలో దిగగల సాహసం అందరికీ ఉండనక్కరలేదు. దిగినవారి ప్రక్కకు మన పడవ వేళకు చేరితే చాలు.